వెనుక యాక్సిల్ వంగినట్లుంది: రాడ్డు మార్చాలా, హౌసింగ్ మార్చాలా?

ప్రశ్న

నమస్కారం. నాది వెనుక వైపు ఒకే గట్టి గొట్టంలాంటి యాక్సిల్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం. వెనుక డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. యాక్సిల్ సెమీ ఫ్లోటింగ్ రకం, అంటే చక్రం నేరుగా యాక్సిల్ రాడ్డు చివరనున్న ఫ్లాంజికే (పళ్లెంలాంటి భాగానికే) బిగించి ఉంటుంది. మూడు నెలల క్రితం ఒక రాతి మెట్టు దిగుతుండగా బండి పక్కకు జారి, వెనుక ఎడమ చక్రం అడ్డంగా వెళ్లి బండరాయికి బలంగా తగిలింది. పెద్ద చప్పుడు తప్ప అప్పటికప్పుడు కంటికి ఏ నష్టమూ కనిపించలేదు కనుక అదే బండిలో తిరిగి వచ్చాం.

అప్పటి నుండి వేగం గంటకు 45 కి.మీ. దాటగానే సీటు కింద సన్నని అదురు మొదలై, 60 దగ్గర స్పష్టంగా తెలుస్తోంది. గేరు మార్చినా, క్లచ్ తొక్కి ఇంజన్ వేగం తగ్గించినా ఆ అదురులో మార్పు లేదు. బ్రేకు మెల్లగా తొక్కినప్పుడు పెడల్ పాదాన్ని లయగా వెనక్కి తోస్తోంది. ఎడమ వైపు ఆయిల్ సీల్ ఈ మూడు నెలల్లో 2 సార్లు మార్పించాను, రెండవది కూడా ఇప్పుడు చెమరుస్తోంది.

మొదట చూపించిన వర్క్‌షాపులో చక్రపు డిస్కు (టైరు ఎక్కించే ఇనుప రిమ్ము) వంగిందని చెప్పారు. స్టెప్నీ చక్రం వేసి చూసినా అదురు పోలేదు. రెండవ చోట కనీసం చక్రం ఊడదీయకుండానే హౌసింగ్ (రాడ్లు లోపల తిరిగే గొట్టం) మొత్తం మార్చాలని, అంత ఖర్చు వద్దనుకుంటే రాడ్డును ప్రెస్సులో పెట్టి సరిచేసి ఇస్తామని అన్నారు. అసలు వంగినది రాడ్డో హౌసింగో నేనే తేల్చుకునే మార్గం ఉందా? రాడ్డును సరిచేయించి వాడవచ్చా? ఈ లోపు బండిని రోజువారీ పనులకు నడపవచ్చా? సాధారణ పనిముట్లతో పని చేయడం నాకు అలవాటే. డయల్ గేజి (అతి చిన్న ఊపును కూడా ముల్లుతో చూపే కొలత సాధనం) ఒకటి అరువు తెచ్చుకోగలను.


సమాధానం 1

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను: నడపవద్దు. సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో రాడ్డు చక్రాన్ని తిప్పడమే కాకుండా బండి బరువును కూడా మోస్తుంది. బయటి బేరింగ్‌కు ఆవల అది విరిగితే ఫ్లాంజి, డ్రమ్ము, చక్రం అన్నీ కలిసి బండిని వదిలి వెళ్లిపోతాయి. 750 మి.మీ. వ్యాసం గల టైరు ఒక కిలోమీటరుకు సుమారు 424 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ రాడ్డు ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంపు ఒత్తిడికి లోనవుతుంది కనుక, 100 కి.మీ. ప్రయాణమంటే అది 42 వేలకు పైగా సార్లు నలిగినట్లే. దెబ్బ తిన్న చోట కంటికి కనిపించని పగులు ఉంటే, అది పెరగడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఇక నిర్ధారణ సంగతి. మీరు పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: రాడ్డు తిరుగుతుంది, హౌసింగ్ తిరగదు. రాడ్డు గానీ ఫ్లాంజి గానీ వంగితే ఆ వంపు చక్రంతో పాటు చుట్టూ తిరుగుతుంది కనుక చక్రం ఊగుతుంది. హౌసింగ్ వంగితే చక్రం ఊగదు, ఒక పక్కకు వాలిపోయి అదే వాలుతో నిలకడగా తిరుగుతుంది. అప్పుడు అదురు పెద్దగా ఉండదు గానీ టైరు ఒక అంచున అరిగిపోతుంది, స్ప్లైన్లు (రాడ్డు లోపలి చివరనున్న పళ్లు), బేరింగులు తొందరగా పాడవుతాయి. మీరు చెప్పిన లక్షణాలలో వేగాన్ని బట్టి వచ్చే అదురు, లయగా కొట్టే బ్రేకు పెడల్, రెండూ తిరిగే వస్తువు వైపే వేలు చూపిస్తున్నాయి. సీల్ కారడం మాత్రం రెండు సందర్భాలలోనూ జరుగుతుంది కాబట్టి దానిని బట్టి వెంటనే ఏమీ తేల్చలేము.

అయితే ఆ సీల్‌లోనే ఒక సాక్ష్యం దాగి ఉంటుంది. మార్పించిన పాత సీళ్లు మీ దగ్గర ఉన్నట్లయితే వాటి రబ్బరు పెదవిని భూతద్దంతో చుట్టూ పరిశీలించండి. రాడ్డు వంగి ఉంటే దాని ఉబ్బు భాగం తిరుగుతూ సీల్‌ను అన్ని వైపులా సమానంగా రాస్తుంది, కాబట్టి పెదవి చుట్టూ ఒకే వెడల్పున అరిగి ఉంటుంది. హౌసింగ్ వంగి ఉంటే రాడ్డు ఎప్పుడూ సీల్‌లోని ఒకే వైపుకు ఒరిగి ఉంటుంది, కాబట్టి పెదవి ఒక వైపు బాగా అరిగి, ఎదుటి వైపు దాదాపు కొత్తదానిలా ఉంటుంది. పాత సీల్‌ను చెత్తలో వేసే ముందు ఇది చూసే అలవాటు చాలా మందికి లేదు, అందుకే ఒకే బండికి మళ్లీ మళ్లీ సీళ్లు మారుస్తుంటారు.

కొలతల విషయానికి వస్తే, ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు గట్టిగా పెట్టి, వెనుక యాక్సిల్‌ను ఎత్తి హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలి ఉండాలి. అంటే బండిని పట్టి ఉంచేవి ఆ దిమ్మలే, కనుక వాటి విషయంలో ఏమాత్రం అలసత్వం పనికిరాదు. మొదట చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టకటకమని ఆడితే బేరింగ్ పోయిందని అర్థం, అలాంటి స్థితిలో తీసుకునే ఏ కొలతనూ నమ్మలేము. బేరింగ్ గట్టిగా ఉంటే చక్రం, డ్రమ్ము తీసివేసి, ఫ్లాంజి ముఖాన్ని తుప్పు లేకుండా వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. అక్కడ ఒక చిన్న తుప్పు పొక్కు ఉన్నా గేజి ముల్లు దానిని వంపుగానే చూపిస్తుంది. స్పేసర్ (చక్రాన్ని బయటికి జరపడానికి ఫ్లాంజికీ చక్రానికీ మధ్య పెట్టే దిమ్మ) ఏదైనా బిగించి ఉంటే అదీ తీసేయండి.

డయల్ గేజి స్టాండును బ్రేకు ప్లేటుకు కాకుండా హౌసింగ్‌కు గానీ నేల మీది బరువైన దిమ్మకు గానీ నిలిపి, ముల్లును ఫ్లాంజి ముఖం మీద, స్టడ్లకు (చక్రం బిగించే బోల్టులకు) బయట అంచు దగ్గర ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. తిప్పేటప్పుడు ఫ్లాంజిని లోపలికి కొద్దిగా ఒత్తి పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్‌లోని సహజమైన ఆట కూడా లెక్కలో కలిసిపోతుంది. కచ్చితమైన హద్దును మీ వాహనపు సర్వీసు మాన్యువల్‌లో చూడండి. చాలా వాటిలో అది 0.2 మి.మీ. కన్నా ఎక్కువ ఉండదు. ఇంత చిన్న అంకె ఎందుకంటే, ఫ్లాంజి దగ్గర 140 మి.మీ. వ్యాసం మీద కనిపించే 0.3 మి.మీ. వంపు, 750 మి.మీ. టైరు అంచుకు వెళ్లేసరికి 1.6 మి.మీ. అవుతుంది. ఆ తరువాత ముల్లును ఫ్లాంజి మధ్యలో డ్రమ్ము కూర్చునే గుండ్రని గట్టు మీద పెట్టి మరో చుట్టు తిప్పండి. ముఖం మాత్రమే ఊగి, గట్టు సరిగ్గా తిరుగుతుంటే ఫ్లాంజి పళ్లెం వంగినట్లు. గట్టు కూడా ఊగుతుంటే బేరింగ్ దగ్గర రాడ్డే వంగినట్లు. రెండూ ఒకే ముక్క కాబట్టి చికిత్స ఒకటే అయినా, దెబ్బ ఎంత లోతుగా పోయిందో దీని వల్ల తెలుస్తుంది. కుడి వైపునా ఇవే కొలతలు తీసుకోండి.

చివరిగా హౌసింగ్. చక్రం ఊగుతున్నప్పుడు హౌసింగ్ కోణాన్ని ఎలా కొలవాలని సందేహం వస్తుంది. దానికి ఉపాయం ఏమిటంటే, ఎప్పుడూ టైరు మీది ఒకే గుర్తు నుండి కొలవడం. చక్రాలు తిరిగి బిగించి, రెండు వెనుక టైర్ల ముందు వైపున, ఒకే ఎత్తులో, ట్రెడ్ మధ్యలో సన్నని గీతలు గీసి వాటి మధ్య దూరం కొలవండి. చక్రాలను తిప్పి అవే గీతలు వెనుక వైపున అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవండి. గుర్తు మారలేదు కనుక చక్రపు ఊపు రెండు కొలతల్లోనూ ఒకేలా ఉండి తేడాలో రద్దవుతుంది, మిగిలిన తేడా హౌసింగ్‌దే. నిలువు వాలును కూడా ఇలాగే, చక్రం పక్కన తాపీ మేస్త్రీలు వాడే తూకపు గుండును వేలాడదీసి, డిస్కు అంచు మీది ఒకే గుర్తును ఒకసారి పైకి, ఒకసారి కిందికి తెచ్చి దారం నుండి ఎంత దూరముందో కొలిచి తెలుసుకోవచ్చు.

ఈ కొలతలన్నీ ఇక్కడ రాస్తే మిగిలినది చర్చిద్దాం. చక్రాలకు స్పేసర్లు ఉన్నాయేమో కూడా చెప్పండి.


సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను లేత్ పని చేసేవాడిని కనుక ప్రెస్సులో సరిచేయడం గురించి మాత్రం రాస్తాను.

యాక్సిల్ రాడ్డు ఒకే మెత్తని ఇనుప కడ్డీ కాదు. సాధారణంగా దాని పై పొరను ఇండక్షన్ పద్ధతిలో వేడిచేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. లోపలి భాగం కాస్త సాగే గుణంతో ఉంటుంది. అలాంటి రాడ్డును చల్లగా ఉండగా ప్రెస్సులో వెనక్కి వంచితే గట్టి పొరలో జుట్టులాంటి పగుళ్లు ఏర్పడవచ్చు. పగుళ్లు రాకపోయినా లోహం లోపల ఒత్తిడి నిలిచిపోయి, బరువు పడ్డాక రాడ్డు మళ్లీ పాత వంపు వైపుకే పోతుంది. వేడిచేసి వంచితే వేడి తగిలిన మేర గట్టిదనమే పోతుంది. ఏ దారిలో వెళ్లినా, గేజి మీద నేరుగా కనిపించే ఒక బలహీనమైన రాడ్డు మీ చేతికి వస్తుంది.

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. చాలా ఏళ్ల క్రితం కొత్త రాడ్డు దొరకడం ఆలస్యమవుతుందని ఒకరు ఎంతగానో బతిమాలితే, కాదనలేక ఒకటి సరిచేసి ఇచ్చాను. లేత్‌లోని రెండు సెంటర్ల (రాడ్డును రెండు కొసలా పట్టే మొనల) మధ్య పెట్టి తిప్పితే 0.1 మి.మీ. లోపే ఉంది, నాకూ తృప్తిగానే అనిపించింది. కొన్ని వారాల తరువాత అదే రాడ్డు రెండు ముక్కలుగా నా బల్ల మీదికి వచ్చింది. విరిగిన ముఖం మీద ఒక అంచు నుండి మొదలై, నదీతీరపు ఇసుక మీద నీళ్లు వదిలిన చారల్లాగా, ఒకదాని వెనుక ఒకటి నున్నని వంపు గీతలు ఉన్నాయి. చివరన మిగిలిన కాస్త భాగం మాత్రమే గరుకుగా, మెరుస్తూ ఉంది. అంటే పగులు రోజుకు కొంచెం చొప్పున పెరుగుతూ వచ్చి, ఆ మిగిలిన కాస్త భాగం ఒక్కసారిగా తెగింది. బండి నెమ్మదిగా వెళ్తుండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు తరువాత నేను ఏ రాడ్డునూ సరిచేయలేదు, ఎవరికీ సరిచేయించుకోమని సలహా ఇవ్వలేదు.

హౌసింగ్ సంగతి వేరు. దాని గొట్టాలు మెత్తని ఉక్కు కనుక, రెండు చివర్ల బేరింగ్ సీట్లలోనూ మధ్యలో డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు రాడ్లకూ పంచే పళ్ల చక్రాల అమరిక) బేరింగ్ సీట్లలోనూ కచ్చితమైన బిళ్లలు పెట్టి, వాటి గుండా నిటారైన పొడవాటి కడ్డీని దూర్చి చూసుకుంటూ, అనుభవం ఉన్నవారు దానిని సరిచేయగలరు. ఆ కడ్డీ లేకుండా కంటి అంచనాతో చేస్తామనేవారికి ఇవ్వకండి.

పాత రాడ్డు బయటకు తీశాక ఇంకొకటి చూడండి. స్ప్లైన్ల గాళ్ల వెంట కన్ను పెట్టి చూస్తే అవి రాడ్డు అక్షానికి నేరుగా ఉండాలి. తాడు పేనినట్లుగా ఏటవాలుగా మెలితిరిగి ఉంటే, వంపుతో పాటు ఆ రాడ్డు మెలి బలానికి కూడా లొంగిపోయిందని అర్థం.


ప్రశ్న వేసినవారి వివరణ

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమంతా ఈ పని మీదే ఉన్నాను. ఫ్లాంజి ముఖం అంచున, 140 మి.మీ. వ్యాసం మీద, ఎడమ వైపు 0.85 మి.మీ., కుడి వైపు 0.08 మి.మీ. వచ్చింది. మధ్య గట్టు మీద ఎడమ వైపు 0.30 మి.మీ., కుడి వైపు ముల్లు కదిలీ కదలనట్లుగా ఉంది. చక్రం బిగించి టైరు పక్క గోడ దగ్గర స్కేలు పెట్టి చూస్తే ఎడమ టైరు దాదాపు 5 మి.మీ. ఊగుతోంది.

పాత సీళ్లలో ఒకటి డబ్బాలో దొరికింది. పెదవి చుట్టూ ఒకే వెడల్పున, బాగా అరిగి ఉంది. టైరు గీతల మధ్య దూరంలో ముందుకూ వెనక్కూ తేడా 1 మి.మీ. మాత్రమే. కానీ నిలువు వాలు దగ్గర భయం వేసింది. సుమారు 400 మి.మీ. డిస్కు ఎత్తులో ఎడమ చక్రం పైభాగం లోపలికి 2 మి.మీ., కుడి చక్రం పైభాగం బయటికి 1.5 మి.మీ. వాలి ఉన్నాయి. అంటే హౌసింగ్ కూడా వంగినట్లేనా?

స్పేసర్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 25 మి.మీ. కొలతలకు ముందు తీసేశాను.


సమాధానం 1 రాసినవారు

మీ అంకెలు చాలా శ్రద్ధగా తీసినవి, ఒకదానినొకటి బలపరుస్తున్నాయి కూడా. ఫ్లాంజి దగ్గర 0.85 మి.మీ. ఉంటే 750 మి.మీ. టైరు దగ్గర లెక్క ప్రకారం 4.5 మి.మీ. రావాలి. మీరు స్కేలుతో చూసినది 5. అంటే ఊపంతా ఫ్లాంజి నుండే వస్తోంది, డిస్కులో గానీ టైరులో గానీ చెప్పుకోదగిన లోపం లేదు. మధ్య గట్టు కూడా ఊగుతోంది కనుక పళ్లెం ఒక్కటే కాదు, బేరింగ్ దగ్గర రాడ్డు మెడ కూడా వంగింది. సీల్ సాక్ష్యం కూడా అదే చెబుతోంది.

నిలువు వాలు గురించి భయపడవలసినది లేదు. ఎడమ చక్రం పైన లోపలికి, కుడి చక్రం పైన బయటికి వాలాయంటే, రెండూ కుడి వైపుకే వాలాయన్న మాట. అది మీ స్టాండ్ల ఎత్తులోనో నేలలోనో ఉన్న చిన్న తేడా వల్ల యాక్సిల్ మొత్తం ఒరగడం తప్ప హౌసింగ్ వంపు కాదు. హౌసింగ్ వంగితే రెండు చక్రాల వాలు ఒకదానితో ఒకటి పొసగదు. ఆ ఒరుగుదలను తీసివేస్తే మిగిలేది అర మిల్లీమీటరు, అది తూకపు గుండుతో కొలిచేటప్పుడు వచ్చే పొరపాటు లోపలే ఉంటుంది. హౌసింగ్ మార్చవద్దు. ఎడమ రాడ్డు, దాని బేరింగ్, కాలర్ (బేరింగును రాడ్డు మీద పట్టి ఉంచే బిగువు వలయం), సీల్ మార్చండి.


సమాధానం 3

మార్చే పని గురించి నేను రాస్తాను, ఈ రకం యాక్సిళ్ల మీద ఎక్కువగా పని చేశాను కనుక.

రాడ్డు కొనే ముందు పాతది బయటకు తీసి పక్కన పెట్టుకోవడం మంచిది. ఎడమ, కుడి రాడ్ల పొడవు చాలా యాక్సిళ్లలో ఒకటి కాదు. పొడవు, స్ప్లైన్ల సంఖ్య, బేరింగ్ కూర్చునే చోట వ్యాసం, స్టడ్ల మధ్య దూరం, ఏబీఎస్ ఉంటే దాని పళ్ల చక్రం, ఇవన్నీ పోల్చి చూడండి. 4340 క్రోమోలీ ఉక్కుతో చేసిన బలమైన రాడ్లు దొరుకుతాయి. పెద్ద టైర్లు, డిఫరెన్షియల్ లాకర్ ఉన్నవారికి అవి ఉపయోగమే గానీ, మీ రాడ్డు మెలి బలానికి విరగలేదు, పక్క దెబ్బకు వంగింది కనుక, నా అభిప్రాయంలో కంపెనీ ప్రమాణానికి సరిపోయే మంచి రాడ్డు చాలు.

ముందుగా రాడ్డు ఏ విధంగా పట్టుకుని ఉందో తెలుసుకోవాలి. డ్రమ్ము తీశాక ఫ్లాంజి వెనుక, బ్రేకు ప్లేటు దగ్గర నాలుగు నట్లతో బిగించిన రిటైనర్ ప్లేటు కనిపిస్తే, రాడ్డును బేరింగే పట్టి ఉంచుతోంది. అలాంటి ప్లేటు లేకపోతే డిఫరెన్షియల్ లోపల రాడ్డు చివరన సీ ఆకారపు క్లిప్పు ఉంటుంది. ఆ రకంలో వెనుక మూత తెరిచి, లాక్ బోల్టు విప్పి, అడ్డు పిన్ను తీసి, రాడ్డును లోపలికి నెట్టి క్లిప్పు తీయాలి. అడ్డు పిన్ను బయట ఉన్నంతసేపు చక్రాలను గానీ ప్రొపెల్లర్ షాఫ్టును గానీ తిప్పకూడదు, తిప్పితే లోపలి చిన్న పళ్ల చక్రాలు జారి పడిపోతాయి.

నాలుగు నట్ల రకంలో ముందుగా డిఫరెన్షియల్ ఆయిల్ దించి, ప్లగ్గు అయస్కాంతానికి అంటిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. నల్లని మెత్తని పేస్టులాగా ఉంటే మామూలే, గరుకుగా రేకు ముక్కలు తగిలితే లోపల కూడా చూడవలసి ఉంటుంది. బ్రేకు ధూళిని గాలితో ఊదవద్దు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక బ్రేక్ క్లీనరుతో తడిపి తుడవాలి. నట్లు విప్పాక ఫ్లాంజికి స్లైడ్ హామర్ (జారే బరువుతో బయటికి లాగే సుత్తి) బిగించి నేరుగా బయటికి నాలుగు దెబ్బలు కొడితే రాడ్డు బేరింగుతో సహా వస్తుంది. కొన్ని వాహనాలలో బ్రేకు ప్లేటు కూడా దానితోనే వస్తుంది, అప్పుడు బ్రేకు గొట్టాన్ని, హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను ముందే విప్పాలి, చివరన గాలి తీయాలి. రాడ్డు ఊడి వచ్చేటప్పుడు దాని బరువును చేతితో మోయాలి. సీల్ హౌసింగ్‌లో ఉండే రకమైతే స్ప్లైన్లు దాని పెదవి మీద ఈడ్చుకుపోతాయి. పాత సీల్ ఎలాగూ పారవేసేదే గానీ, కొత్తది వేశాక అదే పొరపాటు జరిగితే పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

కొత్త రాడ్డుకు బేరింగ్ ఎక్కించే పని ప్రెస్సు ఉన్న చోట చేయించండి, పక్కన మీరు ఉండండి. ఎందుకంటే ఇక్కడ వరుస తప్పడం చాలా తేలిక: ముందు రిటైనర్ ప్లేటు, తరువాత బేరింగ్, చివరన కాలర్. ప్లేటు మరచిపోయి బేరింగ్, కాలర్ ఎక్కించేసిన రాడ్లను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. కాలర్ కోసి, బేరింగ్ పారవేసి మళ్లీ చేయడం తప్ప దానికి వేరే దారి లేదు. ప్రెస్సు బలం బేరింగ్ లోపలి వలయం మీదే పడాలి, బయటి వలయం మీద పడితే గుండ్లు కూర్చునే దారి మీద గుంటలు పడతాయి. బేరింగును, కాలరును ఒకేసారి కాకుండా విడివిడిగా ఎక్కించాలి. కాలర్ ఎప్పుడూ కొత్తదే వాడాలి, రాడ్డు బయటికి జారకుండా ఆపేది దాని బిగువే. మీ రకంలో షిమ్ములు (ఆట సర్దే సన్నని రేకు వలయాలు) ఉంటే మాన్యువల్ చెప్పిన ఆట వచ్చేలా వాటిని సర్దాలి.

అమర్చే ముందు సీల్ పెదవికి గేర్ ఆయిల్ రాయండి. రాడ్డును రెండు చేతులా ఎత్తి, మట్టంగా లోపలికి పంపి, స్ప్లైన్లు కలిసేలా ఫ్లాంజిని కొద్దికొద్దిగా తిప్పండి. నట్లు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. ఆ వెంటనే, డ్రమ్ము వేయకముందే, మళ్లీ డయల్ గేజి పెట్టండి. కొత్త రాడ్డు కదా అని ఈ కొలత వదిలేయకండి. ఆయిల్ తగిలిన బ్రేకు షూలు శుభ్రం చేసినా నమ్మదగినవి కావు కాబట్టి రెండు వైపులా కొత్తవి వేయండి. చివరగా హౌసింగ్ పైనున్న బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) మూసుకుపోలేదని చూసుకోండి. అది బురదతో మూసుకుంటే వేడెక్కిన గాలి సీళ్ల గుండానే దారి చేసుకుంటుంది, అప్పుడు మంచి సీల్ కూడా కారుతుంది. ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడుదే పోయండి, ఈ యాక్సిళ్లలో చాలా వాటికి అది జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 లేదా 75డబ్ల్యూ-90.


సమాధానం 4

స్పేసర్ల వల్ల పడే భారం గురించి ఎవరూ చెప్పలేదు కనుక ఒక మాట. టైరు మధ్య గీతకూ బయటి బేరింగుకూ మధ్య 50 మి.మీ. దూరం ఉందనుకుంటే, 25 మి.మీ. స్పేసర్ దానిని 75 చేస్తుంది. అంటే అదే బరువు రాడ్డు మెడ మీద ఒకటిన్నర రెట్లు వంపు బలం చూపిస్తుంది. మీ రాడ్డును వంచినది ప్రధానంగా ఆ పక్క దెబ్బే, ఎందుకంటే టైరు అంచున అడ్డంగా తగిలిన బలానికి 375 మి.మీ. టైరు వ్యాసార్థమంతా మీటగా పనిచేస్తుంది. అయినా ప్రతి రోజూ, ప్రతి గుంటలో ఆ మెడ మీద అదనపు భారం వేసి ఉంచడం నాకు సరైనదిగా తోచదు. ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో బరువంతా హబ్బులోని రెండు బేరింగుల ద్వారా హౌసింగ్ చివరనున్న స్పిండిల్ మీద పడుతుంది, రాడ్డు తిప్పే పని మాత్రమే చేస్తుంది కనుక అక్కడ లెక్క వేరు.


ప్రశ్న వేసినవారి వివరణ

పని పూర్తయింది. పాత రాడ్డును లేత్ మీద సెంటర్ల మధ్య పెట్టి తిప్పించాను. స్ప్లైన్లు నేరుగానే ఉన్నాయి, నడుము దగ్గర చెప్పుకోదగిన వంపు లేదు, బేరింగ్ సీటు దాటగానే ఫ్లాంజి వైపు మాత్రం ముల్లు గట్టిగా ఊగింది. సీల్ రాసుకునే చోట రాడ్డు మీద మెరిసే పట్టీ ఒక వైపు వెడల్పుగా, ఎదుటి వైపు సన్నగా ఉంది. బండరాయి తగిలిన నాటి నుండి రాడ్డులోని ఆ ఒక్క వైపే సీల్‌ను నలిపిందని దానిని వేలితో తడిమితే అర్థమైంది. పాత రాడ్డును మళ్లీ ఎవరూ వాడకుండా మధ్యకు కోయించాను.

కొత్త రాడ్డు అమర్చాక ఫ్లాంజి ముఖం మీద 0.05 మి.మీ. వచ్చింది. బ్రీదర్ నిజంగానే మట్టితో బిగుసుకుపోయి ఉంది, కొత్తది వేశాను. స్పేసర్లు తిరిగి బిగించలేదు. మొదట 20 కి.మీ. నెమ్మదిగా నడిపి డ్రమ్ము వేడి రెండు వైపులా చేతితో పోల్చి చూశాను, సమానంగా ఉంది. 80 కి.మీ. తరువాత చక్రాల నట్లు మళ్లీ టార్క్ చేస్తే ఎడమ వైపు ఒక నట్టు కొద్దిగా తిరిగింది, మిగిలినవి కదలలేదు. ఇప్పుడు గంటకు 60 దగ్గరే కాదు, 90 దగ్గర కూడా సీటు కింద అదురు లేదు, బ్రేకు ప్లేటు కింది అంచు పొడిగా ఉంది.


సమాధానం 2 రాసినవారు

ఆ కదిలిన నట్టును ఇంకో 80 కి.మీ. తరువాత మరోసారి చూడండి. అప్పుడు కూడా తిరిగితే నట్టు బిగించి వదిలేయకుండా, ఆ స్టడ్డును, డిస్కు రంధ్రపు ఏటవాలు అంచును పరిశీలించండి. దెబ్బ తగిలినప్పుడు ఈ చక్రమే బిగించి ఉన్నట్లయితే, రంధ్రం అంచు నలిగి ఉండే అవకాశం ఉంది.


ప్రశ్న వేసినవారు

మీరు చెప్పినది నిజమే, బిగించినది ఆ రోజు దెబ్బ తిన్న చక్రమే. విప్పి చూస్తే ఆ ఒక్క రంధ్రం అంచు మీద పొడుగ్గా నలిగిన గుర్తు ఉంది. ఆ డిస్కును పక్కన పెట్టి స్టెప్నీ చక్రం వేశాను, కొత్త డిస్కుకు చెప్పాను.